నరసప్ప ఇంట్లో గుంత

ఎదుగుతున్న పెద్ద దేశాల ప్రతినిధులు ధర్మవరంలో ఒక నేతగాడిని చూడదలచుకున్నారని జిల్లా యంత్రాంగానికి కబురు అందింది. వారు హిందూపురంలో ఫలహారం చేస్తారు. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ చూస్తారు. ఆ తర్వాత గుంతలో కాళ్లు పెట్టుకుని మగ్గం నేసే మనిషిని చూస్తారు. తమ దేశాల్లో అలాంటివాళ్లు అయిపోయారని వారు తెలియజేశారు.

మనిషి దొరికాడు. పేరు నరసప్ప. అతిథులు చూడబోయే ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరే సెక్యూరిటీ గార్డు.

నరసప్ప ఒకప్పుడు నేసేవాడు. పట్టుదారం ఒక ఎదిగే దేశం నుంచి వచ్చేది. మరమగ్గాలు ఇంకో ఎదిగే దేశం నుంచి వచ్చాయి. నరసప్ప ఒక కొంగు నేసేలోగా పక్కవీధి మరమగ్గం ఒక పెళ్లికి సరిపడే చీరలు నేసేది. షాపులో రెండింటినీ ఒకే బీరువాలో పెట్టారు. కొనేవాళ్లు రంగు చూసి కొన్నారు. చివరి చీర సగంలో ఉండగా దారమిచ్చే షావుకారు వచ్చి మగ్గం మీది పడుగు పోగులు విప్పించుకుని పోయాడు. ఆ సగం చీర సంగతి నరసప్ప ఎవరితోనూ అనలేదు. మగ్గం పొయ్యిలోకి పోయింది. గుంత పూడ్చి, టైల్స్ పరిచి, భార్య నీలావతి అక్కడ ఫ్రిజ్ పెట్టింది. దేశాభివృద్ధికి ఆ ఇంట్లో ఉన్న సాక్ష్యం అదే.

పాత గుంత మళ్లీ తవ్వాలి, ఆ ఫ్రిజ్ జరపాలని చేనేత అధికారి క్రాంతి కుమార్ వచ్చి చెప్పాడు.

“యాడికి జరపల్ల సార్? మీ ఆఫీసుకా?” అంది నీలావతి.

“దేశగౌరవం అమ్మా.”

“దేశగౌరవానికి మా ఇల్లే దొరికిండాదా? పక్కింట్లో ఫ్రిజ్ కూడా లేదు, ఆడ తవ్వుకోండి.”

మర్నాడు తవ్వారు. మగ్గం గుంతకు నిధులు లేవు. ఇంకుడు గుంతకు ఉన్నాయి. అందువల్ల నరసప్ప ముందుగదిలో ఇంకుడు గుంత కొలతలతో తవ్వారు. నరసప్ప దిగి చూస్తే గుంత బయట తల మాత్రమే మిగిలింది. అడుగున ఇటుకలు పేర్చి అతడిని ప్రభుత్వ ఖర్చుతో పైకి తెచ్చారు.

ఊళ్లోని ప్రదర్శనశాల నుంచి మగ్గం అరువు తెచ్చారు. ఒక చీరకు సరిపడా పడుగు ఎక్కించారు. అతిథులు రావడానికి ఇంకా రోజులున్నాయి. చేతికి అలవాటు కావాలని నరసప్పను నేయమన్నారు. నేశాడు. అంచు పట్టింది, బుటా పడింది. రెండో రోజు అన్నానికి పిలిచినా లేవలేదు.

“ఏమయ్యా, గేటుకాడ ఈల ఊదేటప్పుడు ఈ మొగం యాడ దాచిపెట్టింటివి?” అంది నీలావతి. గిన్నె తెచ్చి గుంత ఒడ్డున పెట్టింది.

నరసప్ప క్రాంతి కుమార్‌ను ఒకటే అడిగాడు. “సార్, ఈ చీర అయ్యేదాకా మగ్గం ఈడనే ఉండనీండి. ఒక్కటన్నా పూర్తి చేసి లేస్తా.”

“పరిశీలిస్తాం” అన్నాడు క్రాంతి కుమార్. ప్రభుత్వంలో ఆ మాట విన్నవాళ్లు సాధారణంగా సంతోషిస్తారు. నరసప్ప కూడా సంతోషించాడు.

అతిథులు వచ్చారు. మరమగ్గాల చప్పుడు సంప్రదాయానికి అడ్డు కాకూడదని వీధి మొత్తానికి కరెంటు తీసేశారు. వాకిట్లో కట్టిన రిబ్బన్‌ను స్థానిక నాయకుడు ఫోటో కోసం పొద్దునే కత్తిరించేశాడు. కత్తెర మాత్రం పళ్లెంలో పూల మధ్య ఉండిపోయింది.

ప్రతినిధుల పెద్ద మాట్లాడాడు. దుబాసీ తెలుగులో చెప్పాడు. “దారం మాది, యంత్రం మా మిత్రులది, వారసత్వం మీది. ప్రపంచ బరువు ఇక మన భుజాల మీద ఉంది. ఈ సోదరుడి కాళ్లు నేలలో ఎంత లోతున ఉన్నాయో చూడండి.” అందరూ గుంతలోకి చూసి చప్పట్లు కొట్టారు.

అంతలో ఎవరో పళ్లెం ముందుకు చాపారు. ఆ పెద్దాయన కత్తెర అందుకున్నాడు. కత్తెర ఇచ్చినప్పుడు దేన్నో ఒకదాన్ని కత్తిరించడం ఆయనకు ఎన్నో దేశాల్లో అలవాటు. ఎదురుగా బిగించి ఉన్నది పడుగే. కత్తిరించాడు. మేళం మోగింది. ఫోటో బాగా వచ్చింది.

నరసప్ప చేతులు పోగుల మీదే ఉన్నాయి. “అతకొచ్చు సార్” అన్నాడు. “పోగుకు పోగు ముడేసుకుంటా. ఒక దినం కూసుంటే అయిపోతాది.”

“అతకడమా! అది చారిత్రక కత్తిరింపు” అన్నాడు క్రాంతి కుమార్.

సాయంత్రం మగ్గం ప్రదర్శనశాలకు తిరిగి వెళ్లింది. నేసినంత గుడ్డ, తెగిన పోగులతో సహా, అద్దాల చట్రంలో ఆఫీసు గోడకు ఎక్కింది. గుంతను పూడ్చడానికి వీల్లేదు. అది ప్రభుత్వ రికార్డుల్లో ఇంకుడు గుంత. ఇంటి కప్పు కింద ఉండటం వల్ల ఇంతవరకు చుక్క నీరు ఇంకలేదు. అయినా జిల్లాకు ఆ పథకంలో ప్రశంసాపత్రం వచ్చింది.

ఫ్రిజ్ ఇప్పుడు వాకిట్లో ఉంది. గుంత చూడటానికి జనం కార్లలో వస్తున్నారు. చేనేత పట్ల వారికి అభిమానం ఉంది. ఆదివారం గేటు డ్యూటీ లేనప్పుడు నరసప్ప గుంతలో దిగి నిలబడతాడు. ఆడవాళ్లు మంచి పట్టుచీరలు కట్టుకుని పక్కన కూర్చుని ఫోటోలు దిగుతారు. కొంగు అతని భుజానికి తగులుతుంది. ఏది ఏ మరమగ్గం మీద దిగిందో చూడగానే అతనికి తెలుస్తుంది.

“ధర్మవరం చేనేతేనప్పా, షాపులో అడిగే తీసుకున్నాం. బాగుందా?” అంటారు.

“బాగుండాదమ్మా” అంటాడు నరసప్ప.

మొన్న మీరు వెళ్లినప్పుడు కూడా అలాగే అన్నాడు.