పుర్రె బొమ్మలు గీకిన రోజు

ఆ ఉదయం మేనేజరు వేసిన ప్లాను చాలా చిన్నది. పదకొండింటికి ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. ఆలోగా చెప్పుల జిగురు ఫ్యాక్టరీలో ప్రమాదకరమైన రసాయనం ఒక్కటీ కనబడకూడదు. ఉండకూడదని ఆయన అనలేదు, కనబడకూడదన్నాడు. పెద్దలు మాటలు తూచి వాడతారు మరి!

కెమిస్టుకు ఒళ్ళు మండిపోయింది. జిగురులోని ఘాటు ద్రావకం పీల్చి పీల్చి జిగురు గదిలో ఆడవాళ్ళు మధ్యాహ్నానికల్లా తలలు పట్టుకుంటున్నారు. వాళ్ళలో ఆమె సొంత చెల్లెలు ఒకతె. నీళ్ళతో కలిపే జిగురు తయారుచేసి, మూడేళ్ళుగా మేనేజరు గది చుట్టూ ఆమె కాళ్ళరిగేలా తిరుగుతోంది.

"దాచడం కాదు సార్, మార్చేద్దాం. నా జిగురు ఒక డ్రమ్ము సిద్ధంగా ఉంది."

"అమ్మా తల్లీ, ఇవాళొక్కరోజు నీ పురాణం ఆపు. నీళ్ళు పోస్తే చెప్పులు అంటుకుంటాయా? నలుగురూ నవ్విపోతారు!"

స్టోరు చూసే బాబాయి మేనేజరుకు నమ్మినబంటు. ఒకటి చెబితే రెండు చేసే రకం. డ్రమ్ములు దాచడానికి చోటు చాలకపోయేసరికి, పుర్రె బొమ్మ ఉన్న లేబుళ్ళన్నీ బ్లేడుతో గీకేశాడు. చూడ్డానికి తేడాగా ఉందని పుర్రె లేనివీ గీకేశాడు. నలభై డ్రమ్ములూ బోడిగుండ్లలా మెరిశాయి.

కెమిస్టు పరిగెత్తుకొచ్చింది. "ఇప్పుడు ఏది ఏదో ఎలా తెలుస్తుంది బాబాయ్?"

"వాసన చూస్తే పోలా!" అంటూ ఆయన మూడు మూతలు తీసి, నాలుగోదాని దగ్గర గోడకు చేరగిలబడ్డాడు. ఆమె ఆయన్ని బయట గాలికి కూర్చోబెట్టి వచ్చేసరికి ఇన్‌స్పెక్టరమ్మ గుమ్మంలో ఉంది.

"ఏదీ, ఒక చెప్పు అతికించి చూపించండి," అందావిడ.

మేనేజరు కంగారుగా మూతలు తీస్తూ పోయి, ముక్కు మండించని డ్రమ్ము ఒకటి దొరకగానే దాన్నే ముందుకు దొర్లించాడు. అది తనదేనని కెమిస్టుకు తెలిసిపోయింది. చెల్లెలికి కన్నుసైగ చేసింది. చెల్లెలు చెప్పు అడుగుకు జిగురు పూసి, వేడి పెట్టెలో ఆరబెట్టి, మిషన్లో నొక్కింది. ఇన్‌స్పెక్టరమ్మ చేతులతో లాగింది, కాలితో తొక్కిపట్టి మరీ లాగింది. ఊడితే ఒట్టు!

"వాసనే లేదే! మీరు వాడేది ఇదేనా?"

"ఇదొక్కటే మేడం! నా మూడేళ్ళ కృషి!"

"అయితే రాసివ్వండి."

రాసిచ్చాడు. సంతకం పెట్టాడు, ముద్ర కూడా గుద్దాడు.

ఇన్‌స్పెక్టరమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "మరైతే మిగతా డ్రమ్ములు మీకు అక్కర్లేనివేగా. సాయంత్రం మా బండి వచ్చి పట్టుకుపోతుంది. ఇకమీదట ఘాటు ద్రావకం ఒక్క చుక్క దొరికినా ఫ్యాక్టరీకి తాళమే."

ఆవిడ గేటు దాటగానే మేనేజరు కెమిస్టు దగ్గరికి పరిగెత్తాడు.

"రేపటికి ఎన్ని డ్రమ్ములు చెయ్యగలవు తల్లీ?"

"మీ మూడేళ్ళ కృషి కదా సార్, మీరే చెప్పాలి!"

అంది గానీ, ఆమె సంతోషం పట్టలేకపోయింది. అప్పటికప్పుడు చెల్లెల్ని వెంటబెట్టుకుని జిగురు కలిపే గదిలోకి నడిచింది.

నెల తిరక్కుండానే, వాసన లేని జిగురు కనిపెట్టినందుకు మేనేజరుకు ఘనంగా సన్మానం జరిగింది. కెమిస్టును కూడా వేదిక మీదికి పిలిచారు, ఆయన ఎత్తుకు మైకు సరిచేయడానికి.