బావమరిది సీసా

ఆ మంగళవారం పొద్దున అనౌన్సరు గారు పెట్టుకున్న పనులు నాలుగే. లేవడం, స్నానం చేయడం, టిఫిను తిని ఆరున్నర బండి వేళకి స్టేషన్లో మైకు ముందు కూర్చోవడం. నాలుగోది, ఎవరూ చూడకుండా బావమరిది సీసాలోని మాత్రలు తన సీసాలోకి, తనవి బావమరిది సీసాలోకి మార్చడం. పెద్దమనిషి చేయదగిన పని కాదని ఆయనకూ తెలుసు. కానీ రాత్రంతా మూడు దిండ్లకు ఆనుకుని కూర్చున్నవాడికి పెద్దమనిషి తరహా గుర్తుండదు.

ఇరవై రెండేళ్లుగా ఆ స్టేషన్లో బండ్ల రాకపోకలు చెప్పే గొంతు ఆయనదే. రెండేళ్ల కిందట భార్య అడిగిందని ఆమె తమ్ముడికి రెండో షిఫ్టులో అదే ఉద్యోగం ఇప్పించి, ఇంట్లో ముందుగది కూడా ఇచ్చారు. నెల తిరక్కుండానే ప్రయాణికులు కిటికీ దగ్గరికి వచ్చి, "ఆ సాయంత్రం గొంతు ఎవరిదండీ, ఎంత హాయిగా ఉందో!" అనడం మొదలుపెట్టారు. అడిగింది ఎవరిననుకున్నారు? ఈయన్నే. ఆ రోజు నుంచి అనౌన్సరు గారు కుళ్ళుకుంటున్నారు. మర్యాదగా చెప్పడానికి వేరే మాట వెతికాను, దొరకలేదు.

బండికీ బండికీ మధ్య గబగబా నాలుగు ముద్దలు మింగి బల్లమీద నడుం వాల్చడం ఆ ఉద్యోగంలో ఉన్నదే. కొన్నాళ్లకి ఇద్దరికీ ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు, గొంతులో గరగర మొదలయ్యాయి. కడుపులో పులుపు పైకి ఎగదన్ని గొంతును కాలుస్తోందని చెప్పి, పెద్దాసుపత్రి డాక్టరు ఇద్దరినీ ఒక కొత్త మందు పరిశోధనలో చేర్చుకున్నాడు. చేరినవారిలో సగంమందికి అసలు మందు, సగంమందికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్రలు. ఎవరికి ఏది వచ్చిందో డాక్టరుకు కూడా తెలియదు. తిండికి అరగంట ముందు మాత్ర వేసుకోవాలి, రాత్రి పడుకునే ముందు మంట ఎంత ఉందో సున్నా నుంచి పది దాకా పుస్తకంలో రాయాలి.

ఈయన పుస్తకంలో ఏడు, ఎనిమిది, ఏడు. బావమరిది పుస్తకంలో (తెరిచి చూశారు, చూడకుండా ఎలా ఉంటారు?) ఒకటి, సున్నా, సున్నా. అసలు మందు వాడికి పడింది, తనకి సుద్దముక్క పడింది. సుద్దముక్కకి అరగంట మర్యాద ఎందుకని, ఆయన అప్పటినుంచీ రోజూ అన్నం తిన్నాక ఎప్పుడో మాత్ర వేసుకుంటూ వచ్చారు.

ఇదంతా ఎలాగో ఓర్చుకునేవారేమో కానీ, స్టేషన్ మేనేజరు ఒక కబురు తెచ్చాడు. ఇకమీదట ప్రకటనలన్నీ ఒకే గొంతుతో రికార్డు చేసి యంత్రంలో పెడతారట. శుక్రవారం ఇద్దరికీ పరీక్ష. నెగ్గిన గొంతు మైకు దగ్గర ఉంటుంది. ఓడిన మనిషి పోయిన సామాన్ల గదికి వెళతాడు. ఇరవై రెండేళ్ల గొంతును తీసుకెళ్లి మరిచిపోయిన గొడుగుల మధ్య కూర్చోబెట్టడమా? ఆ ఊహకే ఆయనకి ప్రాణం పోయినంత పనయింది.

అందుకే ఈ మంగళవారం. సీసాల మీద నంబరు చీటీలు ఊడిరావు కాబట్టి మాత్రలే మార్చాలి. రెండు గిన్నెలు పెట్టుకుని వంపుతుంటే తన మాత్రలు రెండు జారి సింకులో పడి తూములోకి పోయాయి. వెనక నుంచి భార్య గొంతు వినిపించింది.

"ఏం చేస్తున్నారండీ అక్కడ?"

"లెక్క చూస్తున్నాను. శనివారం నర్సు లెక్కపెడుతుందిగా."

ఆవిడ ముఖం ఎందుకో ఎర్రబడింది. "ఆహా, చూడండి, చూడండి," అని ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది. తప్పించుకున్నాననుకున్నారు ఆయన.

చేతికొచ్చింది అసలు మందు కదా, దాన్ని గడియారం చూసి సరిగ్గా అరగంట ముందు వేసుకున్నారు. రాత్రికి మంట రెండు. మర్నాటికి సున్నా! అదే రాత్రి, నెలల తరబడి చప్పిడి కూరలు తప్ప వండని ఇల్లాలు ఘాటైన వేపుడు చేసి పెట్టింది. బావమరిది గిన్నె ముందుకు జరిపాడు.

"ఇంకొంచెం వేసుకోండి బావగారూ. ఇప్పుడు మీకేం భయం?"

"ఇప్పుడంటే?"

"అంటే... మందు వాడుతున్నారుగా."

తను మాత్రం గంజి తాగుతున్నాడు. పొద్దు వాలితే ఏమీ ముట్టడు, తలగడ ఎత్తుగా పెట్టుకుంటాడు. 'సుద్దముక్క పని మొదలెట్టింది' అని అనౌన్సరు గారు మూడోసారి వేపుడు వడ్డించుకున్నారు. భార్య తమ్ముడికి గోరువెచ్చటి నీళ్లు అందిస్తూ "పాపం వీడు" అంటే మాత్రం మళ్లీ చురుక్కుమంది. గెలుస్తున్నది తనయితే సేవలు వాడికా?

శుక్రవారం ఎందుకైనా మంచిదని రెండు మాత్రలు ఒకేసారి మింగారు. రెండు మాత్రలున్నాయన్న ధైర్యంతో రెండు పళ్లేల వేపుడు, రెండు కప్పుల కాఫీ లాగించారు. మేనేజరు ప్లాట్‌ఫారం మీద నిలబడి వింటున్నాడు. అనౌన్సరు గారు మైకు నొక్కారు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. పడమటి వైపు వెళ్లే బండి మరికొద్ది నిమిషాల్లో మూడో నంబరు..."

ఆ తర్వాత వచ్చింది మాట కాదు. కడుపు అడుగునుంచి బయల్దేరిన తేన్పు పధ్నాలుగు లౌడుస్పీకర్లలో మోగింది. బండి వచ్చేసిందనుకుని జనం ప్లాట్‌ఫారం అంచు నుంచి వెనక్కి జరిగారు. కూలీలు పెట్టెలు నెత్తికెత్తుకున్నారు. "అంతరాయానికి చింతిస్తున్నాము" అని సర్దబోతే, "చింతి" దగ్గర రెండోది వచ్చింది. ఈసారి ఎవరూ జరగలేదు, నవ్వారు. తర్వాత బావమరిది కూర్చుని అదే ప్రకటన చదివాడు. స్టేషనంతా చెవులప్పగించి విన్నది.

శనివారం ఆసుపత్రిలో, డాక్టరు ఎదుటే నర్సు మాత్రలు లెక్కపెట్టింది. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి తలెత్తింది.

"ఇద్దరి దగ్గరా ఏడేసి ఉండాలి. ఇందులో ఆరు. ఇందులో అయిదే ఉన్నాయి." అయిదున్న సీసా బావమరిదిది. "ఏమయ్యాయి బాబూ?"

ఒప్పుకోవలసిన మనిషి కిటికీలోంచి చెట్లు చూస్తున్నాడు. బావమరిదే ముందుకొచ్చాడు.

"తప్పు నాదేనండీ. ఆదివారం నా మాత్రలు బావగారి సీసాలో పోసి, ఆయనవి నేను తీసుకున్నాను. రాత్రుళ్లు ఆయన అలా కూర్చుని ఉంటే చూడలేకపోయాను. ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే కదండీ."

"అయ్యో, నువ్వూనా!" తోడుగా వచ్చిన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సోమవారం నేను మార్చానురా. నిన్ను అన్యాయం చేశానని వారమంతా గంజి కాచి పోశాను."

అప్పుడు అందరూ అనౌన్సరు గారి వైపు తిరిగారు. తిట్టినా భరించేవారేమో, ఆ కుర్రాడి మంచితనం మాత్రం ఆయనకి భరించరాకుండా ఉంది. "మంగళవారం నేను," అన్నారు సన్నగా. "నిన్న పొద్దున ఒకేసారి రెండు మింగాను కూడా."

రెండు అనగానే డాక్టరు లేచాడు. ఎక్కువ మింగినవారికి ఏం ఇచ్చారో తెలియాలని ఫోను చేసి, రహస్యపు జాబితా తెరిపించాడు. ఈలోగా అనౌన్సరు గారు వేళ్లమీద లెక్క కడుతున్నారు. ఆదివారం వచ్చింది, సోమవారం పోయింది, మంగళవారం మళ్లీ వచ్చింది. "అయితే నిన్న నా దగ్గరున్నది అసలు మందేగా డాక్టరు గారూ?"

"అసలు మందే."

"అదీ!"

"రెండు సీసాల్లోనూ అసలు మందే. మొదటి రోజు నుంచీ." డాక్టరు ఫోను పెట్టేసి, ఇద్దరి పేర్లూ పరిశోధనలోంచి కొట్టేశాడు. "ఇంతకీ తిండికి అరగంట ముందే వేసుకునేవారా?"

"నేను అలారం పెట్టుకుని మరీ వేసుకునేవాడినండీ," అన్నాడు బావమరిది. రెండోవారు మళ్లీ చెట్లు చూడసాగారు.

అనౌన్సరు గారు ఇప్పుడు పోయిన సామాన్ల గదిలో, గొడుగుల మధ్య కూర్చుంటున్నారు. గది గుమ్మం మీదే ఒక లౌడుస్పీకరు. బావగారిని ఊరంతా మరిచిపోకూడదని, రికార్డింగు రోజున బావమరిది మేనేజరును బతిమాలి ఒక ప్రకటనలో రెండు మాటలు చేర్పించాడు. "సామాను పోగొట్టుకున్న ప్రయాణికులు ఎనిమిదో నంబరు గదిలో మా బావగారిని కలవగలరు" అని ఆ హాయైన గొంతు రోజుకి నలభైసార్లు చెబుతుంది.

ఆయన భోజనం ఒంటిగంటకి. పన్నెండున్నరకి వచ్చేది విని, డాక్టరు రాసిచ్చిన మాత్ర వేసుకుంటారు.