మంచు వీధిలో కుర్చీ మహాత్మ్యం

పాత కుర్చీని పారేసేవాడు మా ఊళ్లో బతకలేడు!

నవ్వకండి. మిచిగాన్ సరస్సు మీంచి గాలి కోసే ఈ నగరంలో నడుము దాకా మంచు పడ్డాక మీకు బంగారమూ అక్కర్లేదు, బంధువులూ అక్కర్లేదు. ఇంటి ముందు రోడ్డు వారన కారు పట్టేంత జాగా పారతో తవ్వుకోండి. నడిమధ్య ఒక కుర్చీ వేసి మీ పని మీద పోండి. తిరిగొచ్చేదాకా ఆ జాగా మీదే! రిజిస్ట్రేషన్ లేదు, లాయరు లేడు. ఇంత చవకైన న్యాయం ఇంకెక్కడైనా ఉందా?

కొత్తవాళ్లకు ఉచిత సలహా. ప్లాస్టిక్ కుర్చీ వద్దు. గాలికి పక్క వీధికి పోయి అక్కడెవరి జాగాకో కాపలా కాస్తుంది. సోఫా వద్దు, పొగరనుకుంటారు. ఒకాయన మేరీమాత బొమ్మ పెట్టాడు. ఏప్రిల్ దాకా అక్కడ ఎవరూ కారు పెట్టడానికి సాహసించలేదు, ఆయనతో సహా!

వంటింటి కుర్చీ శ్రేష్ఠం. ఒక కాలు వంకరైతే మరీ మంచిది. చూసినవాడికి జాలీ భయమూ కలిసి రావాలి.

ఇంతటి మహత్తర వ్యవస్థంటే నగరపాలక సంస్థకు గిట్టదు. వీధిలో కుర్చీ వేయడం నేరమట!

మొన్న మంగళవారం ఎదురింటి బర్నీస్ వోయ్‌చిక్ గారు పొద్దున్నే లేచి గుమ్మం ముందు మంచు మొత్తం తవ్విపోశారు. మోకాలి ఆపరేషన్ అయిన భర్త లెనర్డ్‌ను అల్లుడు ఆ పూటే ఆసుపత్రి నుంచి తెస్తున్నాడు. కారు గుమ్మం ముందే ఆగాలి. మంచు గడ్డల మీద నాలుగడుగులు వేశాడా, కొత్త మోకాలు గోవిందా! ఆవిడ కుర్చీ వేసి లోపలికి వెళ్లారు.

అప్పుడొచ్చింది లారీ! మంచు తీసే బండి కోసం వారంగా ఫోన్లు చేస్తున్న వీధి వీధంతా కిటికీలకు అతుక్కుపోయింది.

అది కుర్చీలు ఎత్తుకుపోయే బండి.

బర్నీస్ గారు ఇంటి చెప్పులతోనే పరుగెత్తుకొచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"లేవండి మేడమ్, కుర్చీ తీసుకెళ్లాలి," అన్నాడు డ్రైవరు.

"తీసుకెళ్లు నాయనా, నేనూ వస్తా. నీ బండిలో హీటరుందిగా?"

"మనిషి ఉన్న కుర్చీ ఎత్తే రూలు లేదండీ."

"మరి ఈ మంచు ఎత్తే రూలో?"

"అది వేరే డిపార్ట్‌మెంటు."

పక్కింటి కుర్రాడు ప్యాట్ డూలన్ మేడ మీంచి కేకేశాడు: "ఆంటీ, దుప్పటి విసరనా?"

"దుప్పటెందుకురా సన్నాసీ, కాఫీ పట్టుకురా!"

డ్రైవరు ఓటమి ఒప్పుకుని బండి వెనక్కి తిప్పాడు. చక్రాలు గిర్రున తిరిగాయి. బండి మాత్రం కదల్లేదు! మంచులో ఇరుసు దాకా దిగబడింది. మేం కిటికీల్లోంచి చెప్పగలిగినన్ని సలహాలు చెప్పాం. చివరికి పాపం, ఆఫీసుకు ఫోన్ చేసుకున్నాడు.

పావుగంట గడవలేదు. మంచు తీసే బండ్లు వచ్చాయి. ఒకటి కాదు, రెండు! ఈ చివర నుంచి ఆ చివరకు రోడ్డు నల్లగా తేలింది. మళ్లీ గడ్డకట్టకుండా పైన ఉప్పు కూడా చల్లారు. లెనర్డ్‌ను తెచ్చిన కారు వచ్చి గుమ్మం ముందే ఆగింది. బర్నీస్ గారు అప్పుడు లేచారు.

కనుక పాఠకులారా, వీధిలో మంచు పేరుకుపోయిందని నగరపాలక సంస్థకు ఫోన్ చేసి విసిగించకండి. ఎవరో కుర్చీ వేశారని ఫిర్యాదు చేయండి!