నడిమి అక్షరానికో శాఖ

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. తప్పు మీది కాదు, చెప్పాల్సినవాళ్ళం మేమే చెప్పలేదు. ఇప్పుడు వినండి.

ఒక పెద్ద అడవిలో చిరుతపులి కనబడితే జంతువులు "కటక్!" అని అరిచేవి. ఏరు దాటితే అదే అరుపు "కడక్". కొండ కూడా దాటితే "కరక్". ముందూ వెనకా నోరు తెరిపించే అచ్చులుంటే, మధ్యలో ట లాంటి గట్టి అక్షరం నాలుక మీద మెత్తబడిపోతుంది. అయినా అర్థంకాని జంతువు లేదు. ఎవరు ఎలా అరిచినా అన్నీ పరుగెత్తేవి.

ఇది అడవికి అధ్యక్షుడైన అడవిదున్నకు నచ్చలేదు.

"ఇవాళ అక్షరం మెత్తబడింది, రేపు మనం మెత్తబడతాం!" అని సభలో కొమ్ములు ఊపి, నడిమి అక్షర రక్షణ శాఖ పెట్టాడు. కొంగను అధికారిగా వేశాడు. గట్టిగా పలికిన హెచ్చరికకే పరుగెత్తాలి. మెత్తటిది చెల్లదు. అలా పలికేవారికి నీటిగుంట దగ్గర చోటు లేదు.

ఒక దుప్పి తల్లికి దిగులు పట్టుకుంది. మేత కోసం ఏరు దాటి వెళ్ళినప్పుడు పుట్టింది ఆమె కూతురు. మాట అక్కడిదే వచ్చింది.

"కటక్ అనమ్మా, బంగారూ."

"కడక్."

"నాలుక గట్టిగా పైకి కొట్టు."

"నీకు అర్థమైందిగా అమ్మా?"

"నాకు కాదే, కొంగగారికి అర్థం కావాలి!"

కొంగ పలుకు పరీక్ష పెట్టే రోజు సాయంత్రం నీటిగుంట గట్టు మీద అందరూ చేరారు. కొంగ ఒంటికాలి మీద నిలబడి, "ఊఁ, కానివ్వు" అంది.

పిల్ల నోరు తెరవబోయి, అధ్యక్షుడి వెనక పొదలో మచ్చలు కదలడం చూసింది. "కడక్! కడక్!"

తల్లి కాళ్ళు పరుగుకు లేచాయి. కానీ పెద్దలు చూస్తున్నారు. "కంగారుపడకు బంగారూ, నిదానంగా ఇంకోసారి..."

"చెల్లదు" అంది కొంగ.

"చెల్లకపోతే మానె, పొదలో నిజంగానే ఉందండీ!" అంది పిల్ల.

"ఉంటే ఉండనీ. అక్షరం మెత్తన."

పిల్ల ఇక ఆగలేదు. తల్లి చెవి కొరికి పట్టుకుని లాగింది. ఇద్దరూ ఒక్క గెంతు గెంతారు. వెనకే చిరుతా దూకింది. అధ్యక్షుడి తోక సగం దాని నోట్లో ఉండిపోయింది. ఆయన బురదలో పడుతూ లేస్తూ "కాక్! కాక్!" అని అరిచాడు. నడిమి అక్షరం మెత్తబడడం కాదు, పూర్తిగా ఊడిపోయింది. అడవంతా అర్థం చేసుకుని పరుగెత్తింది. కొంగ "చెల్ల..." అనబోయి, కొన్ని ఈకలు అక్కడే వదిలి ఎగిరిపోయింది.

మర్నాడు సభ తీర్మానించింది: ఇకమీదట అధ్యక్షులవారి అరుపే ప్రామాణికం.

దుప్పి తల్లి మాత్రం కూతుర్ని ఇంకా సరిదిద్దుతూనే ఉంది. కాకపోతే ముందు పరుగెత్తి, ఆ తర్వాత.

నీతి: తప్పుగా పలకదలచుకుంటే ముందు అధ్యక్షుడు కావాలి.

ఈ కథ మీ తర్వాతవాళ్ళకు చెప్పండి. మధ్యలో ఏ అక్షరమైనా మెత్తబడితే పడనివ్వండి. చెప్పడం మాత్రం ఆపకండి.