పసుపు పెట్టిన దావా

కరోనా రెండో చలికాలం, డిసెంబరు ముప్పై ఒకటి. ఆ ఉదయం రుచిత వేసుకున్న పథకం చాలా చిన్నది. జర్మనీలో తాముండే లైప్‌జిగ్‌లో రైలెక్కాలి, టీ కంపెనీ ఉన్న ఊళ్లో దిగి కోర్టులో దావా కాగితాలివ్వాలి, తిరుగు రైల్లో శరత్ భుజం మీద తల వాల్చి నిద్రపోవాలి. పెళ్లయి నాలుగు నెలలే కనుక ఆమెకు మూడోదే ముఖ్యం.

దావా శరత్‌ది. మూడేళ్ల కిందట ఆ కంపెనీ, మీ వీధిలో ఇంకెవరికీ ఇవ్వబోమని నమ్మించి, అతనికి టీ కొట్టు ఫ్రాంచైజీ అంటగట్టింది. ఎదురు కొట్టు అప్పటికే ఇంకొకరికి రాసిచ్చేసిందని సంతకం పెట్టాక తెలిసింది. కొట్టు మూతపడింది. సిగ్గుతో శరత్ ఆ కాగితాలను సూట్‌కేసు అడుగున దాచాడు. వాటిని బయటికి లాగింది రుచితే. చట్టం ఇచ్చిన గడువు ఈ రోజుతో సరి. గెలిస్తే ఇద్దరూ కలిసి సొంత కొట్టు పెట్టుకుంటారు, లేదంటే లేదు.

"శుభలేఖకు పెట్టినం, దీనికి పెట్టొద్దా?" అంటూ రుచిత కాగితాల నాలుగు మూలలా పసుపు పెట్టింది. తడి చాలలేదు, ప్రేమ ఎక్కువైంది.

కరోనా నిబంధనల వల్ల కోర్టు లోపలికి ఎవరినీ పంపడం లేదు. గుమ్మంలో కాపలాదారు కవరందుకోగానే అతని చొక్కా మీద పచ్చటి పొడి రాలింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏమిటీ పొడి?"

"భయపడకండి, క్రిముల్ని చంపేస్తుంది," అని శరత్ తనకొచ్చిన జర్మన్‌లో ధైర్యం చెప్పాడు. కాపలాదారు ఫోనందుకున్నాడు.

"నువ్వాగు, నేను చూపిస్త," అని రుచిత మాస్కు దించి, వేలికంటిన పసుపు నాకి చూపించింది. ఇప్పుడు నేరాలు రెండయ్యాయి. పావుగంటలో ఫైరింజను వచ్చింది. ఆరుగురు అంతరిక్షయాత్రికుల్లా దిగి, కవరును డబ్బాలో పెట్టి మూత బిగించారు.

"పరీక్ష సోమవారం, మూడో తేదీన," అన్నాడు వాళ్ల పెద్ద.

రైల్లో రుచిత ఏడ్చింది. "మన కొట్టు నేనే ముంచిన, శరత్."

"నువ్వు రాకపోతే ఆ సూట్‌కేసు తెరుస్తుంటినా? ఇటు రా, కిటికీ దిక్కు కూసో."

మార్చిలో కోర్టు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ సెలవుల్లో కోర్టు బయటి టపాపెట్టెకున్న తేదీ యంత్రం చెడిపోయి, అందులో పడ్డ దావాలన్నిటికీ జనవరి మూడో తేదీ ముద్ర పడిందట. వీళ్ల కవరుకూ పరీక్షయ్యాక అదే ముద్ర పడింది. గడువు దాటిందని కంపెనీ వకీలు సంబరంగా రాశాడు. కానీ ఆ కవరు డిసెంబరు ముప్పై ఒకటిన, పదీ నలభైకి కోర్టు చేతికి అందిందని ఆరుగురు ఫైర్‌మెన్ సంతకాలతో నివేదిక ఉంది. దావా గడువులోనే పడిందని జడ్జి తేల్చాడు.

అదే రోజు చప్పుడు చేయకుండా పెట్టెలో కాగితాలు వేసి వెళ్లిన బుద్ధిమంతులు మాత్రం ఇంకా తేదీ నిరూపించుకుంటున్నారు.