ముందుగదికి వెదురు

రుక్మాబాయి మోకాళ్ల డాక్టరు కోసం కోడలు అఖిలను వెంటబెట్టుకుని మలక్‌పేట వెళ్లిన పూటే, ముందుగదిలో వెదురు పలకలు పరిపించేయాలని కొండల్ ముహూర్తం పెట్టుకున్నాడు. చలికాలం వస్తే ఆ గదిలోని షాబాదు బండలు తల్లి కాళ్లను కొరికేస్తున్నాయి. వెదురైతే వెచ్చగా ఉంటుంది. నరికినా దుబ్బు మళ్లీ చిగురిస్తుంది కనక అడవికి చేటూ లేదు. నెల రోజులు దుకాణాలు తిరిగి, నమూనా ముక్కలను మేకుతో గీకి, బకెట్లో నానబెట్టి, జిగురు కంపు కొడుతోందేమోనని ముక్కు దగ్గర పెట్టుకుని మరీ ఎంచుకున్నాడు. చిక్కల్లా ఒకటే. వెదురు పాడెకే తప్ప ఇంట్లోకి రాకూడదని రుక్మాబాయి పట్టు. పరిచేశాక చూస్తే కాదనదని కొడుకు ధీమా.

గౌలిపురలోని ఆ ఇరుకు సందులో ఫోను సరిగ్గా వినపడదు. అందుకని వాకిట్లో నిలబడి దుకాణం ప్రేమ్‌రాజ్‌తో అరిచి మాట్లాడాడు.

"భాయ్, వెదురు అమ్మ కోసమే! ఐదేండ్ల ముదురుది పంపు, లేతది వద్దు. వాసన అస్సలు రావొద్దు! ఇయ్యాలనే ఖతం గావాలె!"

పక్కింటి కాశమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. పొద్దున ఆసుపత్రికని ఆటో ఎక్కిన రుక్మాబాయి కళ్లముందు మెదిలింది. తొంగిచూస్తే కొండల్ ముందుగదిలోంచి మంచం, టీవీ బయటికి మోస్తున్నాడు. దుమ్ము పడి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కొండలూ, నిజమేనా బిడ్డా?"

నేల సంగతే అడుగుతోందనుకున్నాడతను. "నిజమే అత్తా. ఎన్నడో ఒకనాడు గావాల్సిందే గదా."

"ఫికర్ జెయ్యకు. మేమున్నం," అంటూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. నేల మార్చుకునేవాడికి ఇంత ఓదార్పు ఎందుకో కొండల్‌కు అర్థం కాలేదు. బండలు కడగడంలో పడ్డాడు.

పదకొండింటికల్లా వాకిట్లో దండలు పోగయ్యాయి. సందు చివరి బాలరాజ్ డప్పులవాళ్లను తోలుకొచ్చాడు. అంతలో ప్రేమ్‌రాజ్ ట్రాలీ ఆటోలోంచి అట్టపెట్టెలు దించసాగాడు.

"వెదురు ఇప్పుడు డబ్బలల్ల గూడ వస్తుందా?" అన్నాడు బాలరాజ్.

"బెస్ట్ క్వాలిటీ అన్నా. పాతికేండ్ల గ్యారంటీ."

"గంట పనికి గ్యారంటీ ఎందుకు భాయ్?"

డప్పు మోగింది. ఏమిటా అని కొండల్ బయటికి రాగానే మేనమామ సీతారాం మీదపడి బావురుమన్నాడు. గోడ తగాదాతో ఎనిమిదేళ్లుగా ఆ గడప తొక్కని మనిషి.

"అక్కతోని ఒక్క మాట మాట్లాడకపోతి గదరా! ఇంతల్నే సచ్చిపాయె!"

కొండల్ ఊరందరికీ తెలిసింది తనకొక్కడికే తెలియలేదనుకుని మామను పట్టుకుని తానూ ఏడ్చాడు.

సరిగ్గా అప్పుడే ఆటో వచ్చి ఆగింది. డప్పులూ దండలూ చూసిన రుక్మాబాయి "నా కొడుకో!" అని గుండెలు బాదుకుంటూ దిగి, ఎదురుపడ్డ కాశమ్మను కరుచుకుంది. కాశమ్మ కూడా ఆమె భుజాన తల ఆన్చి తనివితీరా ఏడ్చింది. ఎవరిని పట్టుకుని ఏడుస్తోందో తెలిసేసరికి కొంత సేపు పట్టింది.

"అమ్మో, రుక్మక్క!"

డప్పు ఆగింది.

కొండల్ తల్లి చేయి వదలకుండానే సంగతంతా చెప్పి, తిట్లకు సిద్ధపడ్డాడు. రుక్మాబాయి పెట్టె విప్పించి, ఒక పలక నేల మీద వేయించి, చెప్పులు విడిచి ఎక్కి నిలబడింది. అరికాళ్లకు చలి తగల్లేదు.

"పరిచెయ్యి. సచ్చి గూడ వస్తి, ఇంక దేనికి భయపడాలె?"

సీతారాం మెల్లగా సందు వైపు జారుకోబోయాడు.

"ఏడికి రా? నేను సస్తెనే వస్తవా? కూసో. చాయ్ తాగి పో."

అతను కళ్లు తుడుచుకుని కూర్చున్నాడు. నాలుగింటికి పలకలు పరవడం పూర్తయింది. అక్కాతమ్ముళ్లు వాటి మీదే చేరి, చిన్నప్పటి ముచ్చట్లు చెప్పుకుంటూ రెండేసి కప్పుల చాయ్ తాగారు. అది చూసి కొండల్ కడుపు నిండిపోయింది.

"అక్కా, గింత తెల్లగెందుకు? జర నల్లది తీస్కుంటే మస్తుంటుండె," అన్నాడు సీతారాం.

"నా కొడుకు తెచ్చినదానికి నువ్వేంది రా వంకలు పెట్టేది?"

చీకటి పడకముందే ఇద్దరికీ మళ్లీ మాటల్లేవు.