గెడ్డకు సబ్బు సమర్పణ

నరసన్నపేట దాటాక వచ్చే ఒక ఊళ్లో, తమ గెడ్డ పరిశుభ్రమైనదని సర్పంచ్ తిరుమలరావు అధికారికంగా ప్రకటించారు. ఎగువన వెలసిన కొత్త లాండ్రీ తన సబ్బునీళ్లన్నీ ఆ వాగులోకే ఉదారంగా వదలడంతో, నీటిమీద మోకాలెత్తు తెల్లని నురగ తేలింది. జనం అందులో పిల్లల్ని నిలబెట్టి ఫొటోలు తీశారు. అంట్లు తోమడానికీ ఆ నీళ్లే వాడారు.

విజయనగరం కాలేజీలో సూక్ష్మజీవశాస్త్రం బోధించే ప్రిస్కిల్లా పుట్టిల్లు ఆ ఊరే. పిల్లలు వాంతులు, విరేచనాలతో మంచం పడుతున్నారని విని, వచ్చి గెడ్డనీళ్లు సీసాలో పట్టుకెళ్లింది. సబ్బు క్రిముల్ని చంపేసి ఉంటుందనే ఆమె కూడా అనుకుంది. పరీక్షలో తేలింది వేరు. పలచబడ్డ సబ్బుకు అలవాటుపడ్డ చెడ్డ క్రిములు బతికిపోయాయి. సబ్బుపొడిలోని ఫాస్ఫేటు వాటికి విందుభోజనమైంది.

ఈ సంగతి ఆమె గ్రామసభలో చెప్పి, లాండ్రీ నీళ్లు ఆపించమంది. తిరుమలరావు శ్రద్ధగా విని మైకు అందుకున్నారు.

"అమ్మా, సబ్బు మురికిని తీస్తాదా, తెస్తాదా? క్రిములు సావలేదంటే ఏటర్థం? సబ్బు సాల్లేదన్నమాట!"

చప్పట్లు మోగాయి. సమస్య మూలం ఇలా శాస్త్రీయంగా తేలినందున, ఇంటికొక సబ్బుపొడి ప్యాకెట్టు గెడ్డకు సమర్పించాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. లాండ్రీ యజమానికి శాలువా కప్పారు. కప్పించింది ప్రిస్కిల్లా చేతే. ఊరి ఆడపడుచు కనుక ఆమె కాదనలేకపోయింది.

సభ ముగిశాక పక్కింటి జగ్గమ్మ ఆమెను తనింటికి లాక్కెళ్లింది. మంచం మీద మనవరాలు వడలిపోయి ఉంది. కళ్లు లోపలికి పోయాయి.

"పాపని ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం పిన్నీ. ఆ నీళ్లు ముట్టొద్దు" అంది ప్రిస్కిల్లా.

"అలగే తల్లీ, నువ్వు సెప్పేక కాదంటానా! ఆటో వచ్చేలోగా కాసింత టీ తాగు. సదువుకున్నదానివి గదా అని, గలాసు గెడ్డలోన రెండుసార్లు సబ్బెట్టి కడిగినాను."

గ్లాసు అంచున ఒక బుడగ మెరిసింది. వద్దంటే జగ్గమ్మ చిన్నబుచ్చుకుంటుంది. ప్రిస్కిల్లా తాగింది.

ఆసుపత్రిలో పాపకూ ఆమెకూ పక్కపక్క మంచాలే దొరికాయి. ఇద్దరూ బతికి బయటపడ్డారు. పరామర్శకు ఊరంతా ఆటోలు కట్టించుకుని వచ్చింది.

"సదువుకున్న మనిసే గానీ, సేతులు కడుక్కునే అలవాటు లేదు పాపం" అని నొచ్చుకుంటూ, తలా ఒక సబ్బుబిళ్ల ఆమె తలగడ పక్కన పెట్టి వెళ్లారు.